జావా 250 చక్రాలు: పెయింటా, క్రోమా, పౌడర్ కోటింగా? బెజవాడ, గుంటూరు వాళ్లు కాస్త చెప్పండి

బెజవాడ_కిక్కర్

అన్నలందరికీ నమస్తే. మా పెదనాన్న జావా 250, 1970 మోడల్, మైసూర్ ఫ్యాక్టరీ బండి, ఊళ్లో చావిట్లో గోనెపట్టాల కింద ఏళ్ల తరబడి పడుంటే ఈ మధ్యే విజయవాడ తెచ్చుకున్నా. ఇంజిన్ పని ఒక పాత మేస్త్రీ దగ్గర నడుస్తోంది, దాని సంగతి ఆయన చూసుకుంటాడు, నా బాధంతా చక్రాల గురించే. రెండూ 16 అంగుళాలవి, 3.25 టైర్లు, రిమ్ములు ఒరిజినల్ క్రోమ్. పైకి అక్కడక్కడా ఎర్ర చుక్కలు తప్ప పర్లేదనిపిస్తాయి గానీ టైరు విప్పి చూస్తే ట్యూబు కూర్చునే చోట తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. పుల్లలైతే (స్పోక్స్) చెప్పక్కర్లేదు, చాలా నిప్పిల్స్ (పుల్లని రిమ్ముకి బిగించే చిన్న నట్లు) అసలు తిరగట్లేదు. హబ్బులు, బ్రేక్ ప్లేట్లు అల్యూమినియం, తెల్లగా బూజు పట్టేసి ఉన్నాయి.

ఆటోనగర్ అంతా తిరిగితే తలా ఒక మాట. ఒకాయనేమో చక్రం చక్రంలాగే ఇచ్చెయ్, పుల్లలు విప్పే పనే లేదు, మొత్తం సిల్వర్ పౌడర్ కోటింగ్ కొట్టి సాయంత్రానికి ఇచ్చేస్తా అంటాడు. ఇంకొకాయన ఆ పాత ఇనుము పారేసి కొత్త రిమ్ములు వేసుకో అంటాడు. మూడో ఆయన మళ్లీ క్రోమ్ కొట్టిద్దాం, పుల్లలకి కూడా కొట్టిస్తే అదిరిపోద్ది అంటాడు. నా మనసులో ఏముందంటే, కొన్ని బళ్లకి రిమ్ము అంచులు క్రోమ్ ఉంచి మధ్యలో బండి రంగు పట్టీ వేసి పక్కన సన్నగా గోల్డ్ గీత లాగుతారు చూడండి, అలా చేయించాలని. మాది మెరూన్ బండి. జూలై రెండో ఆదివారం జావా డేకి (జావా బళ్లవాళ్లంతా కలిసి తిరిగే రోజు) బండి రోడ్డెక్కాలని ఆశ, టైం ఉంది కాబట్టి తొందరేం లేదు. ఏం చేస్తే మంచిదో చెప్పండి, హబ్బుల పాలిష్ వరకు ఇంట్లోనే చేసుకుందామనుకుంటున్నా.


గుంటూరు_పుల్లలబాబాయ్

తమ్ముడూ ముందు ఆ సాయంత్రానికి ఇస్తానన్నాయనకి ఓ దణ్ణం పెట్టి చక్రాలు ఇంటికి తెచ్చేసుకో.

పౌడర్ కోటింగ్ చెడ్డదని కాదు నేననేది, బిగించి ఉన్న చక్రం మీద కొట్టడం తప్పు. అది ఓవెన్‌లో 180, 200 డిగ్రీల దగ్గర కరిగి గట్టిపడే సరుకు, మామూలు పెయింటు కంటే మందంగా కూర్చుంటుంది. నిప్పిల్ రిమ్ములో దిగే గుంటలో, పుల్ల మరల మీద, అన్నిచోట్లా ఆ పొరే అతుక్కుపోద్ది. రేపు వంకర తీద్దామని నిప్పిల్ తిప్పగానే అది చిట్లుతుంది, చిట్లిన సందులోంచి నీళ్లు దూరి పైకి కనపడకుండా లోపల తినేస్తుంది. నీ నిప్పిల్స్ ఇప్పటికే తిరగట్లేదంటున్నావ్, వాటి మీద పౌడర్ కాలిస్తే ఇక పుల్లలు కోసుకోవడమే గతి. బేరింగులు తీయకుండా ఓవెన్‌లో పెడితే గ్రీజు కరిగి బయటికి కారుతుంది, కారిన చోట కోటింగ్ పట్టదు. పైగా క్రోమ్ అంత నున్నటి దాని మీద పౌడర్‌కి పట్టు ఎక్కడ దొరుకుద్ది, ముందు క్రోమ్ తీయించి బ్లాస్టింగ్ (గాలితో ఇసక కొట్టి గరుకు చేయడం) చేయిస్తేనే నిలుస్తుంది, లేదంటే టైరు లివరు తగిలిన రోజే రేకులు రేకులుగా లేచిపోద్ది.

కొత్త రిమ్ముల గురించి. పాతది పనికొస్తే వదులుకోకు. నీ రిమ్ముకి 36 బెజ్జాలు ఉంటాయి, ఒక్కో బెజ్జం చుట్టూ గుంట ఆ హబ్బు నుంచి పుల్ల వచ్చే వాలుకి తగ్గట్టు ఒకటి ఇటూ ఒకటి అటూ నొక్కి ఉంటుంది. వేరే బండి రిమ్ము తెచ్చి లెక్క సరిపోయింది కదా అని కట్టేస్తే పుల్ల నిప్పిల్ దగ్గర వంగి కూర్చుంటుంది, కొన్నాళ్లకి సరిగ్గా అక్కడే తెగుతుంది. అందుకని పారేసే ముందు పరీక్ష చెయ్. లోపలి తుప్పు వైర్ బ్రష్‌తో గీకేసి, సన్న స్క్రూడ్రైవర్ మొనతో బెజ్జాల చుట్టూ, రిమ్ము అతుకు దగ్గరా గట్టిగా పొడిచి చూడు, రాత్రి లైట్లు ఆపేసి ఒకవైపు టార్చ్ పెట్టి బెజ్జాలు కాకుండా ఇంకెక్కడైనా వెలుతురు చుక్క కనపడుతుందేమో చూడు. కనపడిందా, ఆ రిమ్ము గోడకి తగిలించుకోవడానికే. లేదా, పైపై గుంతలే అయితే ఇంకా మనల్ని మోస్తుంది.

విప్పే ముందు ఫొటోలు తీసుకో, రెండు వైపులా, వాల్వు బెజ్జం పైన ఉండేట్టు. రిమ్ము అంచుకి స్కేలు ఆనించి హబ్బు అంచు ఎంత లోపలికుందో రెండు వైపులా కొలిచి రాసుకో, చక్రం మళ్లీ కట్టేటప్పుడు ఆ కొలత లేకపోతే రిమ్ము మధ్యకి రాక ముందు చక్రం ఓ దారి వెనక చక్రం ఓ దారి పోతాయి. నిప్పిల్స్‌కి తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఒక రాత్రి వదిలెయ్, రాకపోతే కోసెయ్, ఎలాగూ ఆ పుల్లలు మళ్లీ వాడవు కదా. కోసేటప్పుడు ఒకవైపువన్నీ ఒకేసారి కాకుండా ఎదురెదురు పుల్లలు కోసుకుంటూ రా. జావాలో ఓ సుఖం, వెనక చక్రం లాగేసినా స్ప్రాకెట్టూ చైనూ వాటి డబ్బాలోనే ఉండిపోతాయి, దాన్ని కెలక్కు.


ఆర్ఎక్స్_కుర్రోడు

ఇంత అవసరమా బాబాయ్. నేను నా ఆర్ఎక్స్ 100 కి బీసెంట్ రోడ్డులో సిల్వర్ స్ప్రే క్యాన్ కొని టైర్ల మీద గ్రీజు పూసి (పెయింట్ అంటకుండా) డైరెక్ట్‌గా కొట్టేసా పుల్లలతో సహా. ఆదివారం పొద్దున మొదలుపెడితే బిర్యానీ టైంకి అయిపోయింది. దూరం నుంచి కొత్త బండే.


గుంటూరు_పుల్లలబాబాయ్

దూరం నుంచి అని నువ్వే అన్నావ్ కదరా అబ్బాయ్ 😄 రోజూ తిప్పే బండికి తప్పులేదు, రెండు వానాకాలాలకి మళ్లీ కొట్టుకుంటావ్. ఇతనిది 1970 బండి, ఒకసారి విప్పితే మళ్లీ ఇరవై ఏళ్లు చూడక్కర్లేకుండా చేసుకోవాలి.


పటమట_స్ప్రేగన్

కార్ల పెయింటింగ్ లైన్‌లో ఉన్నా, బళ్లు సరదాకి చేస్తుంటా, పెయింట్ వరకు నాకు తెలిసింది చెప్తా.

క్రోమ్ ఉంచాలా తీయాలా అన్నది తేలాలంటే ముందు తుప్పు చుక్కలు తుడిచి చూడాలి. కిచెన్‌లో వాడే అల్యూమినియం ఫాయిల్ ఉండ చేసి నీళ్లలో ముంచి రుద్దు, ఫాయిల్ క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు, తుప్పు మాత్రం వచ్చేస్తుంది. రుద్దాక తుడిచి గోటితో గీస్తూ వెళ్లు. గోటికి ఏమీ తగలకపోతే ఆ క్రోమ్‌కి ఇంకా ఆయుష్షు ఉంది, మైనం పాలిష్ పెట్టుకుంటే చాలు. గోరు గుంతలో పడుతుంటే అక్కడ కింద నికెల్ పొర కూడా పోయిందని అర్థం. చాలామందికి తెలీదు, ఆ మెరుపంతా కింద ఉన్న నికెల్‌దే, పైన క్రోమ్ ఒక మైక్రాన్ కూడా ఉండదు. అందుకే రీక్రోమింగ్ అంటే ప్లేటింగ్ వాడి పని కాదు బఫింగ్ వాడి పని, గుంతలున్న రిమ్ముని బఫ్ చేయకుండా ట్యాంకులో ముంచితే మెరిసే గుంతలు వస్తాయి, అంతే. పూర్తిగా గుంత పోయేదాకా బఫ్ చేద్దామంటే రేకు పల్చబడుతుంది, యాభై ఏళ్ల రిమ్ముకి అదో భయం.

కాబట్టి నీ మెరూన్ పట్టీ ఐడియా అందం కోసమే కాదు, పనికొచ్చేది కూడా, ఎందుకంటే తుప్పు ఎక్కువగా పుల్లల బెజ్జాల దగ్గరే మొదలవుతుంది, పట్టీ సరిగ్గా అక్కడ కప్పేస్తుంది. అంచులు బాగుంటే అలాగే ఉంచు. పట్టీ వచ్చే మేర మాస్కింగ్ టేపు వేసుకుని (టీవీల ప్యాకింగ్‌ది కాదు, పెయింట్ షాపులో అడిగి సన్న గీత టేపు తీసుకో, వంపులో ముడత పడదు) మధ్యలో 320 నంబర్ పేపర్‌తో మెరుపు మొత్తం చచ్చేదాకా రుద్దు. ఒక్క వేలెడు చోట మెరుపు మిగిలినా అక్కడి నుంచే లేస్తుంది. తర్వాత టూకే (హార్డెనర్ కలిపి కొట్టే రకం) ఎపాక్సీ ప్రైమర్ పల్చగా, దాని మీద టూకే పీయూ (పాలీయూరిథేన్) రంగు. లప్పం మాత్రం వద్దు, రిమ్ము రోడ్డు మీద దెబ్బలు తినేది, ఊడొస్తుంది. బెజ్జాల గుంటల్లో పెయింట్ గడ్డకట్టకుండా చూసుకో, అక్కడ పెయింట్ మందంగా ఉంటే నిప్పిల్ బిగించాక అది నలిగి పుల్ల లూజవుతుంది. నేనైతే గుంటల్లో ప్రైమర్ ఒక్కటే ఉంచుతా.

వాతావరణం గురించి కూడా ఒక ముక్క. మన బెజవాడలో వానాకాలం గాలి తడిగా ఉన్నప్పుడు పాత రకం ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ కొడితే థిన్నర్ ఎగిరేటప్పుడు చల్లబడి మీద తేమ పట్టి పాలిపోయి తెల్లగా వచ్చేస్తుంది. మే నెలలో అయితే ఇంకో తంటా, గన్నులోంచి వచ్చిన రంగు రిమ్ము చేరేలోపే ఆరిపోయి గరగరలాడుతుంది, అప్పుడు నిదానంగా ఆరే థిన్నర్ వాడాలి. జనవరి, ఫిబ్రవరిలో పెట్టుకో, మంచు విడిచాక పొద్దున పదింటి నుంచి. మాస్కు లేకుండా టూకే కొట్టకు, హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, కర్చీఫ్ కడితే ఆగదు, క్యాట్రిడ్జ్ మాస్కు కావాలి, లేదంటే ముక్కలు తెచ్చి బూత్ ఉన్న షాపులో కొట్టించు, పుల్లలు విప్పినవే కాబట్టి ఎవరైనా కొడతారు.


అరండల్‌పేట_అక్క

హబ్బుల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. మా వారి యెజ్డీ హబ్బులు నా చేత్తోనే పాలిష్ పట్టా, ఆయనకి ఓపిక లేదు.

మొదట ఏం చేయకూడదో. కాస్టిక్ సోడా, డ్రెయినేజీ పౌడర్లు, నురగలొచ్చే క్లీనర్లు అల్యూమినియం మీద పోయొద్దు, బుసబుసా పొంగి లోహాన్నే తినేసి నల్లగా చేస్తాయి. ఇనప వైర్ బ్రష్ వద్దు, ఆ గీతలు తీయడానికి మళ్లీ వారం. ఇసక బ్లాస్టింగ్ వద్దు, గరుకెక్కిపోతుంది. డ్రమ్ము లోపలి దుమ్ము కంప్రెసర్ గాలితో ఊదొద్దు, నోటితో అసలొద్దు, పాత బ్రేక్ లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయండి.

బేరింగులు తీశాక కిరోసిన్‌తో జిడ్డు కడగండి, తర్వాత సబ్బునీళ్లు. ఆ తెల్ల బూజు దగ్గర 320 వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 400, 600, 800, 1000, 1500 అలా వెళ్లాలి, సబ్బునీళ్లు చల్లుకుంటూ. కిటుకు ఒక్కటే, ప్రతి నంబరుకీ రుద్దే దిక్కు మార్చండి. 400 తో అడ్డంగా రుద్దితే 600 తో నిలువుగా, నిలువు గీతలే కనిపిస్తూ అడ్డం గీతలు ఒక్కటి కూడా లేనప్పుడే తర్వాతి నంబరుకి. తొందరపడి 400 గీత ఒకటి వదిలేస్తే చివర్న పాలిష్ పెట్టాక అదొక్కటే వెక్కిరిస్తూ కనపడుతుంది, మళ్లీ మొదటికి రావాల్సిందే.

1500 అయ్యాక పాత లుంగీ చింపి రెండంగుళాల పట్టీలు చేసుకోండి. మెటల్ పాలిష్ పేస్టు (ఆటోసోల్ నేను వాడింది, బ్రాసో కూడా పనిచేస్తుంది కానీ నెమ్మది) పూసి పట్టీని హబ్బు చుట్టూ తిప్పి రెండు చేతులతో అటూ ఇటూ లాగడమే, కవ్వం తాడు లాగినట్టు. గుడ్డ కాటుకలా నల్లబడుతుంది, నల్లబడుతోందంటే పని జరుగుతోందని. నల్లది పూర్తిగా ఆరకముందే వేరే శుభ్రమైన పట్టీతో తుడవాలి. పుల్లలు విప్పి ఉన్నాయి కాబట్టి మీకు సుఖం, నేను పుల్లల మధ్యలోంచి పట్టీ దూర్చి చేశా, వేళ్ల కణుపులు కొట్టుకుపోయాయి. మెషిన్ బఫింగ్ కావాలంటే గుడ్డ చక్రం మీద ముందు బ్రౌన్ సబ్బు, తర్వాత తెల్ల సబ్బు, రెండింటికీ ఒకే చక్రం వాడకూడదు. బఫింగ్ షాపుకి ఇస్తే మాత్రం ముందే చెప్పండి, అంచులు గుండ్రంగా అరగదీయొద్దని, వాళ్ల చేతిలో పదునైన అంచులన్నీ సబ్బు బిళ్లల్లా అయిపోతాయి.

ఇంకా ఒకటి, అద్దంలా చేసేయాలన్న మోజులో బ్రేక్ ప్లేటు పోత గరుకు కూడా చదును చేసేస్తారు కొందరు. ఫ్యాక్టరీలోనే నున్నగా ఉన్న చోటు నున్నగా, గరుకుగా పోత పోసిన చోటు గరుకుగా ఉంచితేనే పాత బండి పాత బండిలా ఉంటుంది. ఇది నా అభిప్రాయం, తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి.


మొగల్రాజపురం_మెకానిక్

అక్కా పాలిష్ అయ్యాక క్లియర్ ల్యాకర్ కొడితే మళ్లీ మళ్లీ తుడిచే బాధ తప్పుతుంది కదా.


అరండల్‌పేట_అక్క

తప్పదు తమ్ముడూ, వాయిదా పడుతుంది అంతే. అద్దంలా ఉన్న అల్యూమినియం మీద క్లియర్‌కి పట్టు తక్కువ, బ్రేక్ వేడికి, ఎండకి పసుపెక్కుతుంది, ఒక చిన్న రాయి తగిలి పొర లేచిందంటే దాని కిందికి తేమ పాకి పురుగు దారుల్లా తెల్ల గీతలు వస్తాయి. అప్పుడు క్లియర్ గీకాలి, మళ్లీ 600 నుంచి మొదలు. కార్ వ్యాక్స్ పూసి నెలకోసారి తుడుచుకుంటే చాలు.


పటమట_స్ప్రేగన్

పెయింటర్‌ని అయ్యుండి నేనే చెప్తున్నా, అక్క చెప్పింది కరెక్ట్. హబ్బు మీద క్లియర్ వద్దు.


బెజవాడ_కిక్కర్

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఫాయిల్ పరీక్ష, టార్చ్ పరీక్ష రెండూ చేశా. ముందు రిమ్ము అంచులు గోటికి నున్నగానే ఉన్నాయి, బెజ్జాల చుట్టూ మాత్రం గుంతలు. వెనకది అతుకు దగ్గర స్క్రూడ్రైవర్ దిగిపోయింది 😔 టార్చ్‌కి మూడు చోట్ల చుక్కలు. కాబట్టి ముందుది పట్టీ వేయించడం, వెనక దానికి వేరే ఒరిజినల్ రిమ్ము వెతకడం. ఇంకో డౌట్, పుల్లలకి క్రోమ్ సంగతి ఎవరూ మాట్లాడలేదు, పాతవాటికే కొట్టిస్తే ఒరిజినల్‌గా ఉంటాయి కదా? ఇంకా పెయింటు, రీస్టోరేషన్ వల్ల రిజిస్ట్రేషన్‌కి ఏమైనా ఇబ్బందా?


గుంటూరు_పుల్లలబాబాయ్

పుల్లలకి క్రోమ్ వద్దే వద్దు. పుల్ల గట్టి ఉక్కు తీగ, ఎప్పుడూ లాగిపట్టి ఉంటుంది. తుప్పు పోవడానికి యాసిడ్‌లో ముంచినప్పుడూ ప్లేటింగ్ ట్యాంకులోనూ హైడ్రోజన్ ఉక్కులోకి దూరి పెళుసుగా చేస్తుంది. ఫ్యాక్టరీల్లో అయితే ప్లేటింగ్ అవగానే గంటల తరబడి ఓవెన్‌లో వేడిచేసి ఆ హైడ్రోజన్ వదిలిస్తారు, మన దగ్గర చిన్న షాపుల్లో ఎవరు చేస్తారు చెప్పు. పైకి తళతళలాడుతూనే ఏదో ఒకరోజు గతుకులో టప్ మని మెడ దగ్గర తెగుతుంది. మా ఊళ్లో ఒక బుల్లెట్‌కి అలాగే వరసగా పోయాయి, ఎవరు కొట్టారో ఇప్పుడెందుకులే. కొత్త స్టెయిన్‌లెస్ పుల్లలు, ఇత్తడి నిప్పిల్స్ వేసుకో. పాత పుల్లలు ముందువీ వెనకవీ విడివిడిగా కట్టి శాంపిల్ ఇస్తే ఆ పొడవు, ఆ మెడ వంపుతో చేయిస్తారు.

కట్టించడానికి మెషిన్లున్న పెద్ద షాపు కోసం తిరక్కు, రోజూ చక్రాలు కట్టే పెద్దాయన ఒకరిని పట్టుకో, కాకపోతే పక్కన కూర్చుని చేయించు. మరలకి ఒక చుక్క ఆయిల్ పెట్టమను. వంకర పక్కకీ, పైకీ కిందకీ రెండూ ఒక మిల్లీమీటరు లోపు వస్తే భేషు, చాలా బళ్ల మాన్యువళ్లు రెండు వరకు ఒప్పుకుంటాయి. అయ్యాక చిన్న స్పానర్‌తో పుల్లల్ని ఒక్కోటీ మీటి చూడు, అన్నీ దాదాపు ఒకే స్వరంలో టింగ్ మనాలి, ఎక్కడైనా టక్ అని చచ్చిన శబ్దం వస్తే అది వదులు. నిప్పిల్ దాటి లోపలికి పొడుచుకొచ్చిన పుల్ల కొసలు అరగదీయించు, రిమ్ము టేపు వెయ్యి, లేకపోతే ట్యూబు పంక్చర్లతోనే జావా డే అయిపోద్ది. ఓ రెండు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగింపు చూపించు, కొత్త పుల్లలు సర్దుకుని కొంచెం వదులవుతాయి.


మొగల్రాజపురం_మెకానిక్

బాబాయ్ చెప్పినదానికి ఒకటి కలుపుతా. డ్రమ్ము లేత్ మీద పెట్టి సాపు చేయించాలనుకుంటే చక్రం కట్టాకే చేయించు, ముందు కాదు. పుల్లల లాగుడుకి హబ్బు ఇసుమంత కోడిగుడ్డు ఆకారానికి వెళ్తుంది, ముందే గుండ్రంగా చేయించుకుంటే కట్టాక బ్రేక్ నొక్కినప్పుడల్లా కాలికి కొట్టుకుంటుంది. కాకపోతే లేత్ వాడికి రిమ్ముతో సహా పట్టే మెషిన్ ఉండాలి, ఆటోనగర్‌లో అడిగితే దొరుకుతారు. రిమ్ము పెయింట్‌కి గుడ్డ చుట్టి ఇవ్వు.

రిజిస్ట్రేషన్ అంటే, చక్రాలకి రంగేస్తే ఎవరూ అడగరు. 2021లో కేంద్రం తెచ్చిన రూల్ ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ కింద వీఏ సిరీస్ నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. అది తీసుకుంటే మాత్రం రోజూ ఆఫీసుకి తిప్పడానికి కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అన్నట్టు. నీ ఆర్‌సీ బతికే ఉంటే ముందు ఆర్‌టీఏ ఆఫీసులో దాన్ని రెన్యువల్ చేయించుకోవచ్చేమో కనుక్కో.


పటమట_స్ప్రేగన్

గోల్డ్ గీత గురించి మర్చిపోయా. స్టిక్కర్ వేయకు, టైరు ఎక్కించేటప్పుడే లేచిపోతుంది. మెరూన్ పూర్తిగా ఆరాక చక్రం కట్టించి, టైరు వేయకముందు స్టాండ్ మీద తిప్పుతూ పల్చటి బ్రష్‌తో లాగించాలి. ట్యాంకుల మీద గీతలు లాగే పాత ఆర్టిస్టులు ఇంకా ఉన్నారు, చెయ్యి కదపరు, చక్రమే తిరుగుతుంది. టైరు మాత్రం పెయింట్ కొట్టి కనీసం వారం పది రోజులు ఆగి ఎక్కించు. లివర్ల కింద పాత ఆయిల్ డబ్బా ప్లాస్టిక్ ముక్కలు కోసి పెట్టమను, సబ్బునీళ్లు దండిగా రాయి, పంక్చర్ షాపు కుర్రోడు తొందరపడితే నువ్వే చేతిలోంచి లివరు లాక్కో.


బెజవాడ_కిక్కర్

సరే అన్నా. పుల్లలు స్టెయిన్‌లెస్, హబ్బు అక్క చెప్పినట్టు లుంగీ పట్టీలతో, పెయింట్ జనవరిలో మీ దగ్గరికే తెస్తా స్ప్రేగన్ అన్నా, బూత్ ఖాళీ ఎప్పుడో మెసేజ్ పెట్టండి. వెనక రిమ్ము 16 అంగుళాలది, 36 బెజ్జాలది, అతుకు దగ్గర గట్టిగా ఉన్నది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, క్రోమ్ పోయినా పర్లేదు.


ఆర్ఎక్స్_కుర్రోడు

మా తాడేపల్లి వైపు ఒక పాత ఇనుము కొట్టులో రెండు జావా చక్రాలు వేలాడుతుంటే చూశా. ఆదివారం వస్తావా, టార్చ్ తెచ్చుకో.